పడమటి ఎండకి బయటే అడ్డం: అద్దాల బిల్డింగ్‌కి నీడ ఎలా కట్టాలి

మీ ఆఫీసో, షోరూమో, క్లినిక్కో పడమర రోడ్డుకి ఉండి ముందు భాగమంతా అద్దాలే అయితే, మధ్యాహ్నం మూడు దాటాక లోపల ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. ఏసీ 18లో ఉంటుంది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు అట్టముక్క అడ్డం పెట్టుకుంటారు, వెనక గోడ దగ్గరవాళ్ళు చున్నీ కప్పుకుంటారు, బ్లైండ్లన్నీ కిందికి దించి ఉంటాయి, బయట కళ్ళు చెదిరే ఎండ కాస్తుంటే లోపల లైట్లన్నీ వెలుగుతుంటాయి. నేను మెయింటెనెన్స్ చూసే నాలుగంతస్తుల బిల్డింగ్ హైదరాబాద్‌లో ఉంది, అదీ ఇలాంటిదే. అందులో తప్పులు చేసి, మళ్ళీ సరిచేసుకుంటూ నేర్చుకున్నది రాస్తున్నాను. కొత్తగా కడుతున్నవాళ్ళకి కొంత పనికొస్తుంది కానీ, ఇది ముఖ్యంగా ఇప్పటికే కట్టేసిన బిల్డింగ్‌తో కుస్తీ పడుతున్నవాళ్ళ కోసం.

లోపల బ్లైండ్లు ఉన్నాయి కదా అంటారు. ఎండ అద్దం లోంచి హాయిగా లోపలికి వచ్చేస్తుంది. బ్లైండ్ మీద పడి వేడిగా మారుతుంది. ఆ వేడి వచ్చిన దారినే బయటికి పోదు, ఎందుకంటే అద్దం వెలుతురుని రానిస్తుంది కానీ వేడెక్కిన వస్తువు వెదజల్లే సెగని దాటనివ్వదు. అంటే బ్లైండ్ కళ్ళకి ఎండ కొట్టకుండా చూస్తుంది గానీ ఏసీ మీద పడే భారాన్ని పెద్దగా తగ్గించదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు. అదే అడ్డం అద్దానికి బయట ఉంటే వేడెక్కేది ఆ అడ్డమే, దాన్ని గాలి చల్లారుస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. వేసవి సాయంత్రం పడమటి అద్దం మీద చదరపు మీటరుకి 500 వాట్ల ఎండ పడుతోందనుకుందాం, ఇది ఎక్కువేసి చెప్పింది కాదు. మామూలు తెల్ల అద్దం అందులో 80 శాతం దాకా లోపలికి వదులుతుంది. 100 చదరపు అడుగుల అద్దం అంటే దాదాపు 9.3 చదరపు మీటర్లు. గుణిస్తే 3.7 కిలోవాట్ల వేడి. 1 టన్ను ఏసీ తీసేయగలిగేది 3.5 కిలోవాట్లే. అంటే ప్రతి 100 చదరపు అడుగుల పడమటి అద్దానికీ ఒక టన్ను ఏసీ ఎండ కోసమే నడుస్తోంది, మనుషుల కోసం, కంప్యూటర్ల కోసం కాదు. మా ఒక్కో అంతస్తుకీ పడమర వైపు 300 చదరపు అడుగుల పైనే అద్దం ఉంది. ఈ లెక్క వేసిన రోజే నాకు బిల్లు ఎందుకు అలా వస్తోందో అర్థమైంది.

ముందు ఎండ ఎక్కడ పడుతోందో చూడండి

కొటేషన్లు తర్వాత తెప్పించుకోవచ్చు. ముందు ఒక రోజంతా బిల్డింగ్ చుట్టూ తిరగండి. ఉదయం 10కి, మధ్యాహ్నం 1కి, 3కి, 4కి, 5కి నాలుగు వైపులా ఫోన్‌లో ఫోటోలు తీయండి. ఫోన్ దిక్సూచిని నమ్మొద్దు, ఇనుప గ్రిల్లో కారో పక్కన ఉంటే తప్పు చూపిస్తుంది. మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి బిల్డింగ్ ఎటు తిరిగి ఉందో చూసుకోండి, అదే నయం. ఎదురు బిల్డింగ్ నీడ, చెట్టు నీడ ఏ అంతస్తు దాకా వస్తున్నాయో రాసుకోండి. మా గ్రౌండ్ ఫ్లోర్‌కి రోడ్డు మీది రెండు కానుగ చెట్లు నాలుగున్నర తర్వాత నీడ ఇస్తాయి, అక్కడ పైసా ఖర్చు పెట్టలేదు.

తర్వాత ఒక అడుగు స్కేల్ తీసుకోండి, స్కూలు పిల్లల దగ్గర ఉండేదే. ఎండ పడుతున్న గోడకి ఆనించి, గోడ నుంచి నేరుగా బయటికి పొడుచుకొచ్చినట్టు పట్టుకోండి. స్కేల్ కొన నీడ గోడ మీద ఎన్ని అంగుళాలు కిందికి దిగిందో ఇంకో స్కేల్‌తో కొలవండి. ఆ ఒక్క కొలత చాలు. అడుగు సన్‌షేడ్ ఆ సమయంలో ఎంత కిటికీకి నీడ ఇస్తుందో అది చెప్పేస్తుంది.

మే నెల మధ్యలో హైదరాబాద్‌లో పడమటి గోడ మీద సాయంత్రం నాలుగుంపావుకి కొలిస్తే నీడ దాదాపు 8 అంగుళాలు దిగుతుంది. అంటే 4 అడుగుల కిటికీని పూర్తిగా కప్పాలంటే 6 అడుగుల సన్‌షేడ్ కావాలి. ఐదుంపావుకి అదే నీడ 4 అంగుళాల చిల్లరే, అప్పుడు 11 అడుగుల సన్‌షేడ్ కావాలి. ఎవరు కడతారు? అందుకే పడమర కిటికీ మీద ఒకటిన్నర అడుగుల సన్‌షేడ్ పోసి "నీడ పెట్టాం" అనుకోవడం ఉత్త భ్రమ. అది వాన జల్లుకి పనికొస్తుంది, అంతే. ఇదే స్కేల్‌ని మార్చి 21న దక్షిణం గోడకి పెట్టండి, నీడ 38 అంగుళాలు దిగుతుంది. ఇంకో తమాషా, ఆ రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా ఎప్పుడు కొలిచినా దక్షిణం గోడ మీద ఆ లోతు మారదు, నీడ పక్కకి జరుగుతుందంతే. ఒకే అడుగు సిమెంటు, ఒక గోడకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పక్క గోడకి దండగ.

దిక్కుని బట్టి ఏం పెట్టాలి

దక్షిణం తేలిక. కిటికీ ఎత్తులో సగం లోతు సన్‌షేడ్ ఉంటే ఫిబ్రవరి 20 ప్రాంతం నుంచి అక్టోబరు 20 ప్రాంతం దాకా మధ్యాహ్నపు ఎండ అద్దం మీద పడదు. 4 అడుగుల కిటికీకి 2 అడుగులు. రెండు పక్కలా అడుగో అడుగున్నరో ఎక్కువ పొడిగించాలి, లేకపోతే వాలు ఎండ పక్క నుంచి దూరుతుంది. డిసెంబరులో సూర్యుడు బాగా కిందికి దిగుతాడు కాబట్టి అప్పుడు కొంత ఎండ వస్తుంది. ఆ నాలుగు నెలలకి లోపలి బ్లైండ్‌తో సరిపెట్టుకోండి, దానికోసం మూడున్నర అడుగుల సన్‌షేడ్ పోయక్కర్లేదు.

ఉత్తరం గోడకి ఎండే రాదని చాలామంది ఇంజనీర్లు కూడా అంటారు. మన దగ్గర అది నిజం కాదు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొచ్చి నిలువు వస్తువుకి నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నం కూడా సూర్యుడు మనకి ఉత్తరం వైపే ఉంటాడు. వేసవి సాయంత్రాల్లో ఉత్తరం కిటికీల మీద ఏటవాలుగా ఎండ గీసుకుంటూ పోతుంది. దీనికి పెద్ద హంగామా అక్కర్లేదు, 3 అడుగుల కిటికీకి పడమర పక్కన అడుగు లోతు నిలువు పలక నిలబెడితే జూన్‌లో ఐదింటి ఎండ కూడా ఆగుతుంది.

తూర్పు సంగతి మీరు ఎన్నింటికి తెరుస్తారో దాన్ని బట్టి ఉంటుంది. పదింటికి తెరిచే ఆఫీసైతే అప్పటికే సూర్యుడు పైకి వచ్చేస్తాడు, మేలో కిటికీ ఎత్తులో సగానికి కొంచెం ఎక్కువ సన్‌షేడ్ ఉంటే సరిపోతుంది. పొద్దున్నే ఏడింటికి రక్త పరీక్షలకి జనం వచ్చే డయాగ్నస్టిక్ సెంటర్ అయితే తూర్పుని కూడా పడమరలాగే చూడాలి.

ఇక పడమర. చాలాచోట్ల "పడమరకి నిలువు ఫిన్స్ పెట్టండి" అని రాసి ఉంటుంది, అంటే గోడ నుంచి బయటికి నిలబెట్టే సన్నటి పలకలు. ఎలివేషన్ బొమ్మల్లో, అంటే బిల్డింగ్ ముందు భాగం ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మల్లో కూడా అవే గీస్తారు, చూడ్డానికి బాగుంటాయి మరి. కానీ మే నెలలో సాయంత్రం నాలుగుంపావుకి ఇక్కడ సూర్యుడు నేరుగా పడమర నుంచి 12 డిగ్రీలే ఉత్తరానికి ఉంటాడు. అంటే దాదాపు మీ ముఖంలోకే చూస్తుంటాడు. గోడకి లంబంగా నిలబెట్టిన ఫిన్స్ మధ్య నుంచి ఎండ రాచమార్గంలో వచ్చినట్టు వచ్చేస్తుంది. తిప్పగలిగే ఫిన్స్ అయితే వేరే మాట, కానీ వాటిని రోజూ ఎవరు తిప్పుతారు? రెండో ఏడు కల్లా తుప్పు పట్టి ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి.

పడమరకి నేను చెప్పేది అడ్డంగా, వాలుగా పెట్టే పలకలు, అంటే లౌవర్లు. 4 అంగుళాల వెడల్పు పలకని 45 డిగ్రీల వాలులో, బయటి అంచు కిందికి ఉండేలా పెట్టి, పలకకీ పలకకీ మధ్య 4 అంగుళాల దూరం ఇస్తే, నేలమట్టం నుంచి 22 డిగ్రీల కంటే పైన ఉన్న ఎండంతా ఆగిపోతుంది. గడియారంలో చెప్పాలంటే మే నెలలో దాదాపు సాయంత్రం ఐదింటి దాకా నేరుగా ఎండ లోపలికి రాదు. ఆ తర్వాత వచ్చేది నీరెండ, బలం తగ్గి ఉంటుంది. నమ్మకం లేకపోతే గ్రాఫ్ కాగితం మీద రెండు పలకలు పక్క నుంచి కనిపించేలా గీసి స్కేల్ పెట్టి చూడండి, అరగంట పని. వెల్డర్‌కి కూడా ఆ కాగితమే ఇవ్వండి. నోటితో చెబితే వాలు తిరగేసి పెడతాడు. మా దగ్గర మొదటి ఫ్రేమ్ అలాగే వచ్చింది, బయటి అంచు పైకి, లోపలి అంచు కిందికి. వర్షం నీళ్ళన్నీ నేరుగా అద్దం మీదికి, ఎండకి మాత్రం తలుపు బార్లా తెరిచినట్టు. దాన్ని కోసి మళ్ళీ అతికించడానికి రెండు రోజులు పట్టింది.

లౌవర్లకి బడ్జెట్ లేకపోతే చిల్లుల రేకు, సిమెంటు జాలీ, టెర్రకోట జాలీ, వెదురు తెరలు ఉన్నాయి. హైటెక్ సిటీ దగ్గర ఉన్న సీఐఐ (పరిశ్రమల సంఘం) సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూశారా? అమెరికా బయట లీడ్ ప్లాటినం (పర్యావరణానికి మేలు చేసే బిల్డింగ్‌లకిచ్చే అత్యున్నత) రేటింగ్ వచ్చిన మొదటి బిల్డింగ్ అది, 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అంత పేరున్న బిల్డింగ్‌లో కూడా వాడింది మన పాత జాలీ గోడలే. జాలీతో ఒక ఇబ్బంది, బరువు. పాత బిల్డింగ్‌కి తగిలించే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు. తీగలు కూడా మంచి నీడే. రాధామనోహరం, కర్టెన్ క్రీపర్ లాంటివి వైర్ల మీద పాకిస్తే ఒకటి రెండు అంతస్తులకి బ్రహ్మాండం. నీళ్ళు పోసే మనిషి ఉండాలి, ఉన్నాడా?

పెద్ద ఖర్చు పెట్టేముందు ఒక్క కిటికీకి కట్టి చూడండి

ఈ మెట్టు దాటేయకండి. ఒకే అంతస్తులో పక్కపక్క గదులు రెండు ఎంచుకోండి, ఒకే సైజు అద్దం, ఒకే రకం ఏసీ ఉన్నవి. ఒకదానికి బయట నర్సరీల్లో వాడే 75 శాతం షేడ్ నెట్, అదే మనం గ్రీన్ మ్యాట్ అంటామే, అది కట్టండి. రెండోది అలాగే వదిలేయండి. రెండు ఏసీలకీ చెరో చిన్న ఎనర్జీ మీటర్ పెట్టించి, రెండింటినీ ఒకే టెంపరేచర్‌లో ఉంచి, 15 రోజులు రీడింగ్ రాయండి. ఏప్రిల్, మే నెలల్లో చేస్తే తేడా బాగా తెలుస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, మీ కొటేషన్‌కి ఓనర్ చేత సంతకం పెట్టించుకోవడానికి అంతకంటే మంచి ముహూర్తం లేదు. మీటర్లు కుదరకపోతే నాలుగింటికి రెండు అద్దాల మీద లోపలి నుంచి అరచేయి పెట్టండి. నెట్ లేని అద్దం మీద నేను పది లెక్కపెట్టేలోపే చేయి తీసేశాను. పక్కదాని మీద చేయి ఎంతసేపైనా ఉంచొచ్చు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. మొదటిసారి నెట్‌ని అద్దానికి అంటించినట్టే కట్టేశాను, మధ్యలో ఖాళీ లేకుండా. నెట్ వేడెక్కి ఆ వేడి నేరుగా అద్దానికే ఎక్కింది, పైగా గాలికి రోజంతా టపటపా కొట్టుకుంటుంటే లోపలివాళ్ళు నన్ను తిట్టని రోజు లేదు. మూడో వారం వచ్చిన ఈదురుగాలికి ఒక మూల తెగి పక్క బిల్డింగ్ బోర్డు మీద పడింది. తర్వాత ఫ్రేమ్ చేయించి, అద్దానికీ నెట్‌కీ మధ్య జానెడు ఖాళీ వదిలి, పైనా కిందా గాలి పోయేలా తెరిచి ఉంచాను. ఈ ఖాళీ లౌవర్లకైనా రేకుకైనా తప్పనిసరి. అద్దాలు తుడవడానికి మనిషి చేయి దూరేంత ఖాళీ ఉంటే ఇంకా మంచిది.

ట్రయల్‌లో ఇంకోటి కూడా చూడండి, లోపల వెలుతురు. ఎండని ఆపబోయి గదిని చీకటి చేసి మళ్ళీ లైట్లు వేసుకుంటే ఏం లాభం? 90 శాతం నెట్ కట్టిన గదిలో అకౌంట్స్ వాళ్ళు రెండో రోజే గొడవ చేశారు. 75కి మార్చాక ఎవరూ మాట్లాడలేదు. ట్రయల్ అయ్యాక ప్లాస్టిక్ నెట్‌ని అలాగే ఏళ్ళ తరబడి వదిలేయొద్దు, ఎండకి పొడిపొడి అవుతుంది, నిప్పు అంటుకుంటే మంట పాకుతుంది కూడా.

గాలి, బోల్టులు, పర్మిషన్

నీడ సంగతి ఎంత బాగా లెక్కపెట్టినా బిగింపు సరిగ్గా లేకపోతే అది మనుషుల మీద పడుతుంది. బిల్డింగ్ డిజైన్‌కి వాడే గాలి వేగం మన దేశపు బిల్డింగ్ కోడ్ ప్రకారం హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లు, విజయవాడ, విశాఖపట్నాలకి 50 మీటర్లు. 50 మీటర్లంటే గంటకి 180 కిలోమీటర్లు. చుట్టుపక్కల అడ్డాలు, ఎత్తు వంటివి పక్కన పెట్టి మోటుగా లెక్కేస్తే చదరపు మీటరుకి 150 కిలోల తోపు. 4 అడుగులు, 6 అడుగుల మూసి ఉన్న ప్యానెల్ మీద 300 కిలోలు దాటుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్నవాళ్ళకి ఈ అంకెలు చెప్పక్కర్లేదు. కాబట్టి యాంకర్ బోల్టులు స్లాబ్‌కో బీమ్‌కో వెళ్ళాలి, ఇటుక గోడకో అల్యూమినియం కిటికీ ఫ్రేముకో కాదు. "సార్, స్క్రూలు చాలు సార్" అనే ఫ్యాబ్రికేటర్‌కి టీ తాగించి పంపేయండి. సముద్రం దగ్గర అయితే ఎంఎస్ (మామూలు ఇనుము) పైపుకి రంగేసి సరిపెట్టొద్దు, జీఐ (జింకు పూత వేసిన ఇనుము) గానీ అల్యూమినియం గానీ వాడండి.

సెట్‌బ్యాక్‌లోకి, అంటే బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలంలోకి, ఎంత ముందుకు రావొచ్చో మీ మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్‌లో ముందే కనుక్కోండి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 0.75 మీటర్ల దాకా, అంటే రెండున్నర అడుగుల దాకా సన్‌షేడ్‌ని ఖాళీ స్థలంలోకి రానిస్తుంది, స్థానిక నిబంధన వేరుగా ఉండొచ్చు. ఫైర్ ఇంజన్ నిచ్చెన వేసే కిటికీలకి తెరుచుకునే ఫ్రేమ్ పెట్టండి. అవుట్‌డోర్ యూనిట్ల ముందు మాత్రం లౌవర్లు దగ్గరగా పెట్టేయొద్దు. ఎలివేషన్ అందం కోసం వాటిని మూసేస్తే వదిలిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకుంటాయి, ఇటు మిగిలిన కరెంటు అటు పోతుంది. వాటికి పైన నీడ ఇవ్వండి, ముందు ఖాళీగా వదలండి. అద్దెకున్న షోరూమ్ వాళ్ళు బోర్డు కనపడదని గొడవ పెట్టుకుంటారు, బోర్డు కొలత కూడా మొదటి రోజే డ్రాయింగ్‌లో వేయించండి.

కొత్తగా కట్టేవాళ్ళకి రెండు మాటలు. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ (బిగించిన పరికరాల మొత్తం లోడ్), లేదా 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠ లోడ్) దాటే కమర్షియల్ బిల్డింగ్‌లకి ఎనర్జీ కన్సర్వేషన్ బిల్డింగ్ కోడ్ ఉంది, ఆంధ్ర, తెలంగాణ రెండూ దాన్ని తెచ్చుకున్నాయి. 2017 కోడ్‌లో నేరుగా నిబంధనలు పాటించే పద్ధతిలో వెళ్తే గోడలో అద్దం 40 శాతం దాటకూడదు. సన్‌షేడ్ ఉంటే అద్దం విషయంలో సడలింపు ఇస్తుంది, అంటే ఖరీదైన అద్దం బదులు నీడతో పని జరగొచ్చు. మీ ఆర్కిటెక్ట్‌ని "ప్రొజెక్షన్ ఫ్యాక్టర్ ఎంత వేశారు?" అని అడగండి. బయట పలక లోతుని, కిటికీ అడుగు నుంచి పలక దాకా ఉన్న ఎత్తుతో భాగిస్తే వచ్చేదే అది. సమాధానం రాకపోతే ఆ ఎలివేషన్ కేవలం ఫోటో కోసం గీశారని అర్థం.

కట్టాక బిల్లు దానంతటదే తగ్గదు

నీడ కట్టిన నెల బిల్లు చూసి "ఏం తగ్గింది?" అని ఓనర్ అడిగారు. నిజంగానే పెద్దగా తగ్గలేదు, ఎందుకంటే ఏసీ ఇంకా 18లోనే ఉంది, జనం ఇప్పుడు హాయిగా వణుకుతున్నారు. సెట్టింగ్ 25కి మార్చి, రిమోట్లు ఒకరి దగ్గర పెట్టించి, కిటికీ వరస లైట్లకి వేరే స్విచ్ వేయించాకే తేడా వచ్చింది. బ్లైండ్లు పైకి లేపమని ఒక నెలపాటు రోజూ చెప్పాల్సొచ్చింది, అలవాటు అలాంటిది.

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. డిమాండ్ ఛార్జీ మీరు నిజంగా వాడిన కేవీఏ మీద గానీ, కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద పడుతుంది. కాబట్టి నీడ వల్ల మీ పీక్ తగ్గినా, ఆ 80 శాతం కిందికి పోయాక డిమాండ్ ఛార్జీలో రూపాయి మిగలదు. ఒక వేసవి మొత్తం రీడింగ్‌లు చూసి, నిజంగా తగ్గిందని తేలాక కాంట్రాక్ట్ డిమాండ్ తగ్గించమని డిస్కంకి (కరెంటు కంపెనీకి) దరఖాస్తు పెట్టుకోండి. పాత ఏసీలు మార్చేటప్పుడు కూడా అదే టన్నేజీ మళ్ళీ కొనేయకుండా లెక్క కొత్తగా వేయించండి. అసలు డబ్బు అక్కడే మిగులుతుంది.

ఇక పావురాలు. ఏ వెబ్‌సైట్‌లోనూ రాయరు కానీ లౌవర్ పెట్టిన నెలలోపు అవి కాపురం పెడతాయి, 4 అంగుళాల సందు వాటికి రెడీమేడ్ ఫ్లాటు. ఫ్రేమ్ పక్కలకీ పైకీ సన్న స్టీల్ మెష్ మొదటే బిగించండి, తర్వాత బిగించాలంటే గుడ్లు ఉంటాయి, పిల్లలు ఉంటాయి, ఆగాల్సిందే. ఏడాదికి రెండుసార్లు, ఉగాదికి ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, దుమ్ము కడిగించి, బోల్టులు బిగించి, తుప్పు కనపడ్డచోట రంగు వేయించాలి.

ఫ్రేమ్ పని జనవరిలో మొదలుపెట్టి ఫిబ్రవరికి ముగించండి. మార్చి దాటితే ఫ్యాబ్రికేషన్ షాపుల వాళ్ళు షెడ్లు, పందిళ్ళ పనిలో దొరకరు, పైగా ఆ ఎండలో పరంజా మీద వెల్డింగ్ చేసే మనిషిని తలుచుకోండి. మాది రెండో అంతస్తు దాకా అయింది. మూడో అంతస్తు వాళ్ళు అద్దె మాట తేలాకే చేయిస్తామన్నారు, ఈ ఏడాదికి అక్కడ గ్రీన్ మ్యాటే.